చెసాపీక్ అఖాతంలో ఆల్చిప్పల దిబ్బల పునరుద్ధరణ

చెసాపీక్ అఖాతంలో ఆల్చిప్పల దిబ్బల పునరుద్ధరణ అనగా, అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు తీరంలో మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలలో వ్యాపించి ఉన్న చెసాపీక్ అఖాతం అడుగున ఒకప్పుడు విస్తారంగా ఉండి, మితిమీరిన వేట వలన, వ్యాధుల వలన నశించిన ఆల్చిప్పల దిబ్బలను తిరిగి నెలకొల్పే కార్యక్రమం. ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలతో పాటు తీరవాసులు, హోటళ్ళవారు, పాఠశాల విద్యార్థులు, చివరకు కారాగారాలలోని ఖైదీలు కూడా ఇందులో పాలుపంచుకోవడం దీని ప్రత్యేకత. ఈ రంగంలో ప్రపంచంలో జరిగిన అతిపెద్ద ప్రయత్నాలలో ఇది ఒకటి. దీని చుట్టూ అలముకున్న వివాదాలు కూడా తక్కువేమీ కావు.

ఆల్చిప్ప

తెలుగువారికి ఆల్చిప్ప అనగానే స్వాతికార్తె చినుకు, ముత్యము గుర్తుకు వస్తాయి. అయితే మేలైన ముత్యాలనిచ్చే జాతులు వేరు, ఆహారంగా ఉపయోగపడే జాతులు వేరు. చెసాపీక్ అఖాతంలో ఉండేది తినదగిన జాతి. దీని శాస్త్రీయ నామం క్రాసోస్ట్రియా వర్జినికా. వాడుకలో దీనిని తూర్పు ఆయిస్టరు అంటారు. దీనిలో అరుదుగా ముత్యం వంటి పదార్థం కనిపించినా దానికి విలువ ఉండదు.

ఇది ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట పెరుగుతుంది. వేసవిలో నీరు వేడెక్కినప్పుడు ఆడ, మగ జీవులు అండాలను, శుక్రకణాలను నీటిలోకి విడుదల చేస్తాయి. ఒక్కొక్క ఆడజీవి లక్షల సంఖ్యలో అండాలను విడుస్తుంది. వీటిలో చాలా భాగం మొదట మగవిగా ఉండి, పెరిగి పెద్దవైన తరువాత ఆడవిగా మారడం ఒక విచిత్రం. నీటిలో ఫలదీకరణ జరిగి పుట్టిన డింభకాలు రెండు మూడు వారాల పాటు ఈదుతూ గడుపుతాయి. ఆ దశ చివర డింభకానికి చిన్న పాదము, కంటిచుక్క ఏర్పడతాయి. అప్పుడది అడుగుకు దిగి గట్టి ఆధారం కొరకు వెతుక్కుంటుంది. అనువైన చోటు దొరకగానే సిమెంటు వంటి పదార్థాన్ని స్రవించి అక్కడ శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఇక ఆ జీవికి జీవితాంతం కదలిక లేదు. ఇలా అతుక్కున్న పిల్లను స్పాట్ అంటారు. అది మూడు అంగుళాల పరిమాణానికి, అనగా చట్టప్రకారం పట్టదగిన స్థాయికి, పెరగడానికి సుమారు మూడు సంవత్సరాలు పడుతుంది.

డింభకం అతుక్కోవడానికి ఎక్కువగా ఇష్టపడే గట్టి ఆధారం మరొక ఆల్చిప్పే. బ్రతికి ఉన్నదైనా సరే, చనిపోయినదాని ఖాళీ చిప్ప అయినా సరే. బురదలో పడిన డింభకం ఊపిరాడక చనిపోతుంది. పునరుద్ధరణ కార్యక్రమమంతా ఈ ఒక్క విషయంపైనే ఆధారపడి ఉన్నది కనుక పాఠకులు దీనిని గుర్తుంచుకోవడం అవసరం.

దిబ్బ స్వరూపం, ప్రయోజనం

తరతరాల చిప్పలు ఒకదానిపై ఒకటి అతుక్కొని పెరుగుతూ పోగా అడుగున గట్టి దిబ్బలు ఏర్పడతాయి. తొలినాళ్ళలో వచ్చిన ఐరోపావాసుల ఓడలకు ఇవి అడ్డు తగిలేవని వారి వ్రాతల వలన తెలుస్తున్నది. దిబ్బ ఎత్తుగా ఉండడం వలన పైనున్న జీవులు బురదకు అందకుండా ఉంటాయి. ప్రవాహం తగలడం వలన వాటికి ఆహారము, ప్రాణవాయువు చక్కగా అందుతాయి.

దిబ్బలోని సందులు, పగుళ్ళు ఇతర జీవులకు నివాసం. పురుగులు, చిన్న రొయ్యలు, పీతలు, గోబీ, బ్లెన్నీ వంటి చిన్న చేపలు అందులో దాగి బ్రతుకుతాయి. వాటిని తినడానికి పెద్ద చేపలు చేరతాయి. ఈ అఖాతానికి పేరు తెచ్చిన నీలి పీతలకు, చారల బాస్ చేపలకు కూడా దిబ్బలు మేతస్థలాలు. ఒక చోట కలిసి బ్రతికే జీవులన్నిటినీ కలిపి ఒక సముదాయంగా చూడాలన్న భావనకు 1877లో బయోసీనోసిస్ అని పేరు పెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ మోబియస్, ఉత్తర సముద్రపు ఆల్చిప్పల దిబ్బలను పరిశీలిస్తూనే ఆ ఆలోచనకు వచ్చాడు. మన విద్యార్థులు జీవావరణ శాస్త్రంలో చదువుకొనే ఒక మూలభావన ఆల్చిప్పల నుండి వచ్చినదన్నమాట.

ఆల్చిప్ప నీటిని లోనికి పీల్చి, అందులోని సూక్ష్మ శైవలాలను, నలుసులను మొప్పలతో వడకట్టి ఆహారంగా తీసుకుంటుంది. అన్ని పరిస్థితులు అనుకూలించినప్పుడు పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు 50 గాలన్ల వరకు, అనగా సుమారు 190 లీటర్ల నీటిని వడకట్టగలదు. ఈ సంఖ్య ప్రచార పత్రాలలో తరచుగా కనబడుతుంది గాని ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. చలికాలంలో ఈ పని దాదాపు ఆగిపోతుంది. 1870కి పూర్వం ఉన్న ఆల్చిప్పలు అఖాతం నీటికి సమానమైన పరిమాణాన్ని వారం రోజుల లోపలే వడకట్టగలిగేవని, 1988 నాటికి మిగిలిన వాటికి అదే పనికి దాదాపు ఒక సంవత్సరం పడుతుందని రోజర్ న్యూవెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఏడు లెక్కకట్టాడు. తరువాతి పరిశోధకులు కొందరు ఈ లెక్క మరీ సరళమైనదని అభిప్రాయపడినా, ప్రజలలో చైతన్యం కలిగించడంలో దీని పాత్ర చాలా పెద్దది.

అఖాతం

చెసాపీక్ అఖాతం పొడవు సుమారు 320 కిలోమీటర్లు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నది, సముద్రం కలిసే జలభాగాలన్నిటిలోను ఇది పెద్దది. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు సస్కెహానా నది లోయ మునిగిపోగా ఇది ఏర్పడినది. వైశాల్యానికి తగిన లోతు లేదు. సగటు లోతు ఆరున్నర మీటర్లకు మించదు. ఆరు రాష్ట్రాలకు, రాజధాని వాషింగ్టన్‌కు చెందిన వాననీరు, పొలాల ఎరువులు, పట్టణాల మురుగు ఇందులోకే చేరతాయి. ఎరువులలోని నత్రజని, భాస్వరం వలన శైవలాలు విపరీతంగా పెరిగి, కుళ్ళి, వేసవిలో అడుగునీటిలో ప్రాణవాయువు లేకుండా పోతున్నది. చెసాపీక్ అనే పేరుకు స్థానిక అల్గాంకిన్ భాషలో గొప్ప చిప్పల అఖాతమని అర్థమనే మాట బాగా ప్రచారంలో ఉన్నది గాని భాషాశాస్త్రజ్ఞులు కొందరు దీనిని అంగీకరించలేదు.

క్షీణత

స్థానిక ఆదివాసులు కొన్ని వేల సంవత్సరాల పాటు ఈ ఆల్చిప్పలను తిన్నారు. వారు పారవేసిన చిప్పల కుప్పలు నేటికీ తీరం పొడవునా కనబడతాయి. ఆ కుప్పలలోని చిప్పల పరిమాణాన్ని కొలిచి టార్బెన్ రిక్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధన, ఇన్ని వేల ఏళ్ళ వేట వలన ఆల్చిప్పలకు చెప్పుకోదగ్గ హాని కలగలేదని తేల్చినది. మనిషి తినడమే నాశనానికి కారణమని అనుకునేవారికి ఇది సరైన సమాధానం. తినే తీరులోనే తేడా ఉన్నది.

ఆ తేడా 19వ శతాబ్దంలో వచ్చినది. ఇనుప పళ్ళు గల పెద్ద వలసంచిని ఓడకు కట్టి అడుగును గీరుకుంటూ పోయే పద్ధతిని డ్రెడ్జింగ్ అంటారు. ఉత్తరాది ఓడలు తమ తీరాలలో సరుకు అయిపోయిన తరువాత ఈ పరికరంతో చెసాపీక్‌కు వచ్చాయి. వర్జీనియా 1811లోను, మేరీలాండ్ 1820లోను దీనిని నిషేధించాయి. కాని అంతర్యుద్ధం ముగిసిన 1865లో మేరీలాండ్ తన పౌరులకు లైసెన్సు పద్ధతిపై డ్రెడ్జింగ్‌ను అనుమతించినది. రైలు మార్గాలు, బాల్టిమోర్ నగరంలోని డబ్బాల కర్మాగారాలు తోడై ఈ సరుకు దేశం నలుమూలలకు వెళ్ళసాగినది. క్రిస్‌ఫీల్డ్ పట్టణంలో కొంత భాగం ఒలిచి పారవేసిన చిప్పలు పోసి పూడ్చిన నేలపైనే వెలసినది. 1884-85 కాలంలో ఒక్క మేరీలాండ్‌లోనే ఒకటిన్నర కోట్ల బుషెళ్ళు పట్టారు. మేరీలాండ్ బుషెల్ అనగా సుమారు 46 లీటర్ల కొలత.

దిబ్బలపై హక్కు కొరకు డ్రెడ్జింగ్ చేసేవారికి, పడవ మీద నిలబడి పొడవైన కర్రల పట్టకార్లతో ఏరుకొనే పేద జాలరులకు మధ్య, అలాగే రెండు రాష్ట్రాల వారి మధ్య తుపాకులతో పోరాటాలు జరిగాయి. వీటిని ఆయిస్టరు యుద్ధాలని చరిత్రకారులు పేర్కొంటారు. అదుపు చేయడానికి మేరీలాండ్ 1868లో ప్రత్యేక నౌకాదళాన్నే ఏర్పాటు చేయవలసి వచ్చినది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం బ్రూక్స్ 1891లో వెలువరించిన తన గ్రంథంలో, ఈ తీరున సాగితే దిబ్బలు మిగలవని, సాగుబడి చేపట్టాలని స్పష్టంగా హెచ్చరించాడు. ఆయన మాటను పట్టించుకున్నవారు తక్కువ.

ఆల్చిప్పలతో పాటు చిప్పలు కూడా ఒడ్డుకు చేరడం వలన నష్టం రెట్టింపు అయినది. అవి రహదారులకు, సున్నానికి, కోళ్ళ మేతకు వెళ్ళిపోయాయి. కొత్త తరం అతుక్కోవడానికి ఆధారమే లేకుండా పోయినది. దిబ్బలు చదునై, బురదలో కూరుకుపోయాయి.

మిగిలినవాటిని వ్యాధులు దెబ్బతీశాయి. డెర్మో అనే వ్యాధిని అఖాతంలో 1949లోను, ఎంఎస్ఎక్స్ అనే వ్యాధిని 1959లోను గుర్తించారు. రెండూ ఏకకణ పరాన్నజీవుల వలన వచ్చేవే. వీటి వలన మనుషులకు ఏ హానీ లేదు. నీటిలో ఉప్పదనం పెరిగే కరువు సంవత్సరాలలో ఇవి విజృంభిస్తాయి. 2003-04 నాటికి మేరీలాండ్ దిగుబడి సుమారు 26 వేల బుషెళ్ళకు పడిపోయినది. మేరీలాండ్ పరిధిలోని అఖాతంలో 19వ శతాబ్ది ఆరంభంతో పోల్చితే ఆల్చిప్పల సంఖ్య 99.7 శాతం తగ్గినదని 2011లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది.

విదేశీ జాతి ప్రతిపాదన

ఈ దశలో ఆసియాకు చెందిన క్రాసోస్ట్రియా అరియాకెన్సిస్ అనే జాతిని తెచ్చి అఖాతంలో వదలాలన్న ప్రతిపాదన బలంగా ముందుకు వచ్చినది. అది త్వరగా పెరుగుతుంది, పై రెండు వ్యాధులను తట్టుకుంటుంది. ఎంఎస్ఎక్స్ పరాన్నజీవి కూడా ఆసియా నుండే వచ్చి ఉంటుందని తెలిసిన శాస్త్రజ్ఞులు మాత్రం, కొత్త జాతితో ఏమేమి వస్తాయోనని భయపడ్డారు. సుదీర్ఘ అధ్యయనం తరువాత 2009లో రెండు రాష్ట్రాలు, సైన్యపు ఇంజనీరింగ్ విభాగం కలిసి ఈ ఆలోచనను విరమించుకొని, స్థానిక జాతినే వృద్ధి చేయాలని నిర్ణయించాయి. ఒకసారి వదిలిన జీవిని వెనక్కు తీసుకోవడం అసాధ్యం గనుక ఇది సరైన నిర్ణయమనే చెప్పాలి. మన చెరువులను గుర్రపుడెక్క ఆక్రమించిన తీరు తెలిసినవారికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

పునరుద్ధరణ విధానం

అంతకు ముందు చిన్న చిన్న ప్రయత్నాలు అనేక చోట్ల జరిగాయి గాని అవి చెదురుమదురుగా ఉండి నిలబడలేదు. వర్జీనియాలోని గ్రేట్ వికోమికో నదిలో 2004లో సైన్యపు ఇంజనీరింగ్ విభాగం సుమారు 35 హెక్టార్లలో దిబ్బలు నిర్మించినది. అక్కడ ఎత్తుగా కట్టిన దిబ్బలపై, పల్చగా పరచిన వాటి కన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ సాంద్రతలో ఆల్చిప్పలు ఉన్నాయని 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం తెలియజేసినది. దిబ్బ ఎత్తే ప్రాణమన్న విషయం దీనితో బలపడినది.

2014లో కుదిరిన చెసాపీక్ పరీవాహక ఒప్పందంలో, 2025 నాటికి పది ఉపనదులలో ఆల్చిప్పలను పునరుద్ధరించాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. మేరీలాండ్‌లో హారిస్ క్రీక్, లిటిల్ చాప్టాంక్, ట్రెడ్ ఏవన్, ఎగువ సెయింట్ మేరీస్, మనోకిన్ నదులను, వర్జీనియాలో లఫాయెట్, లిన్‌హేవెన్, పియాంకటాంక్, గ్రేట్ వికోమికో, దిగువ యార్క్ నదులను ఎంపిక చేశారు. అంతటా కొద్దికొద్దిగా చల్లడం కన్నా ఒక్కొక్క నదిని పూర్తిగా బాగుచేయడమే మేలన్నది దీనిలోని ఆలోచన.

మొదట అడుగును సోనార్‌తో పరిశీలించి గట్టి నేల ఉన్న చోట్లను గుర్తిస్తారు. బురద ఎక్కువగా ఉన్న చోట చిప్పలు గాని రాళ్ళు గాని పోసి పునాది వేస్తారు. మేరీలాండ్ తూర్పు తీరంలోని కేంబ్రిడ్జి పట్టణం వద్ద గల హార్న్ పాయింట్ ప్రయోగశాలలో డింభకాలను ఉత్పత్తి చేస్తారు. పాత చిప్పలతో నింపిన పెద్ద తొట్లలో వాటిని వదిలితే అవి ఒక్కొక్క చిప్పపై పది వరకు అతుక్కుంటాయి. ఆ చిప్పలను పడవలపై తీసుకువెళ్ళి పునాదులపై చల్లుతారు. హారిస్ క్రీక్‌లో 2011 నుండి 2015 వరకు ఈ విధంగా సుమారు 350 ఎకరాలలో 200 కోట్లకు పైగా పిల్లలను చల్లారు.

జయాపజయాలను నిర్ణయించే కొలమానం కూడా ముందే నిర్ణయించబడినది. మూడేళ్ళకు ఒకసారి, ఆరేళ్ళకు మరొకసారి పరీక్షించినప్పుడు దిబ్బలో కనీసం 30 శాతం వైశాల్యంలో చదరపు మీటరుకు 15 ఆల్చిప్పలైనా ఉండాలి. ఆశించదగిన సంఖ్య 50. మొక్కలు నాటి ఫోటో తీయించుకొని, బ్రతికాయో లేదో చూడని కార్యక్రమాలు మనకు పరిచయమే. ఆరేళ్ళ తరువాత వెళ్ళి లెక్కపెట్టాలన్న నిబంధన గమనింపదగినది.

ప్రజల భాగస్వామ్యం

చిప్పల కొరత ఈ పనికి మొదటి అడ్డంకి. హోటళ్ళలో తిన్న తరువాత మిగిలిన చిప్పలు పూర్వం చెత్తలో కలిసిపోయేవి. 1994 నుండి పనిచేస్తున్న ఆయిస్టర్ రికవరీ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ 2010లో చిప్పల సేకరణకు ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించినది. మేరీలాండ్, వర్జీనియా, వాషింగ్టన్‌లలోని హోటళ్ళవారు చిప్పలను వేరుగా పీపాలలో వేసి ఉంచుతారు, సంస్థవారు వచ్చి తీసుకువెళతారు. ఇళ్ళవారు తమ విందులలోని చిప్పలను వేయడానికి బహిరంగ స్థలాలలో తొట్లు కలవు. ఇలా ఇచ్చేవారికి బుషెల్‌కు ఒక డాలరు చొప్పున పన్ను రాయితీ కల్పిస్తూ మేరీలాండ్ చట్టం చేసినది; 2013 పన్ను సంవత్సరం నుండి అది అమలులోకి వచ్చినది. తెచ్చిన చిప్పలను వెంటనే వాడరు. మాంసపు తునకలు, రోగకారకాలు పోయేటట్లు సుమారు ఒక సంవత్సరం పాటు ఎండకు, వానకు ఆరుబయట కుప్పలుగా వదిలి, కడిగిన తరువాతనే తొట్లలోకి పంపుతారు.

రెండవది ఇంటి రేవులో ఆల్చిప్పలను పెంచే పద్ధతి. దీనిని ఆయిస్టరు తోటపని అంటారు. వర్జీనియాలో టైడ్‌వాటర్ ఆయిస్టరు గార్డెనర్స్ అసోసియేషన్ 1997 నుండి ఉన్నది. మేరీలాండ్ ప్రభుత్వం 2008లో ట్రెడ్ ఏవన్ నదిపై ప్రారంభించిన కార్యక్రమం తరువాత అనేక నదులకు విస్తరించి, అందులో వెయ్యికి పైబడి కుటుంబాలు చేరాయి. నీటి ఒడ్డున ఇల్లు, సొంత రేవు ఉన్నవారికి తీగ బోనులను, పిల్లలు అతుక్కున్న చిప్పలను ఉచితంగా ఇస్తారు. ఈ బోనులను రాష్ట్ర కారాగారాలలోని ఖైదీలు తయారు చేస్తారు.

బోనును తాడుతో రేవుకు వేలాడదీయాలి. బురద, నాచు పేరుకొని పిల్లలకు నీరు అందకుండా పోతుంది గనుక కొన్ని రోజులకొకసారి పైకి లాగి, కుదిపి, కడిగి తిరిగి దించాలి. చలికాలంలో నీటిమట్టం తగ్గినప్పుడు గడ్డకట్టే గాలి తగలకుండా మరింత లోతుకు దించాలి. తొమ్మిది నుండి పన్నెండు నెలలు పెంచిన తరువాత వాటిని వేట నిషేధించిన ప్రాంతాలలోని దిబ్బలపై వదులుతారు. పెంచినవారు వాటిని తినరాదు. రేవుల వద్ద నీటి శుభ్రతకు హామీ లేకపోవడం ఒక కారణం కాగా, ఇవి దిబ్బల కొరకు ఉద్దేశించినవి కావడం మరొక కారణం. ఏడాది పాటు సాకి, ఒక్కటైనా రుచి చూడకుండా నదికి అప్పగించడానికి ఇన్ని కుటుంబాలు ముందుకు రావడం మెచ్చదగినది.

1967లో స్థాపించబడిన చెసాపీక్ బే ఫౌండేషన్ ఇటువంటి మరొక కార్యక్రమాన్ని నడుపుతున్నది. దాని కార్యకర్తలు సిమెంటుతో బోలుగా, రంధ్రాలతో ఉండే గుమ్మటాలను పోతపోస్తారు. వీటిని రీఫ్ బాల్స్ అంటారు. వీటిపై పిల్లలను అతికించి అడుగున దించుతారు. వర్జీనియాలో నార్ఫోక్ నగరం మధ్యగా పారే లఫాయెట్ నది, స్థానిక సంస్థల, పౌరుల కృషితో 2018లో లక్ష్యం చేరినది. ఆ రాష్ట్రంలో ఎంపికైన నదులలో పని పూర్తయిన మొదటిది ఇదే.

మూడవది విద్యారంగం. 2000వ సంవత్సరపు చెసాపీక్ ఒప్పందంలోనే, ప్రతి విద్యార్థికి పాఠశాల చదువు ముగిసేలోగా నదీ పరీవాహకం గురించి ప్రత్యక్షానుభవం కలిగించాలని వ్రాసుకున్నారు. 2011లో మేరీలాండ్, ఉన్నత పాఠశాల పూర్తి చేయడానికి పర్యావరణ విద్యను తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రమైనది. పిల్లలు బోనులలోని ఆల్చిప్పలను కొలిచి పట్టికలు వేస్తారు, ఉప్పదనాన్ని పరీక్షిస్తారు, బోనులో చేరిన చిన్న పీతలను, చేపలను గుర్తించి వ్రాసుకుంటారు. బురదనీరు ఉన్న రెండు గాజుతొట్లలో ఒకదానిలో మాత్రమే ఆల్చిప్పలను ఉంచి, కొన్ని గంటలలో ఆ నీరు తేరుకోవడాన్ని చూపించే ప్రయోగం ప్రసిద్ధమైనది. జీవశాస్త్రము, గణితము ఒకే చోట నేర్పే ఇటువంటి పాఠం ఏ ఉపాధ్యాయుడికైనా కోరదగినదే.

ప్రయోగశాల నుండి నేరుగా నదులకు చేరే కోట్ల పిల్లలతో పోల్చితే పౌరులు పెంచేవి చాలా స్వల్పమన్న మాట నిజమే. కాని చట్టసభలో ఈ పథకాలకు నిధులు కోరవలసి వచ్చినప్పుడు, నిషేధిత ప్రాంతాలను తెరవాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు మాట్లాడిన వారిలో ఈ బోనులు పెంచినవారు ఉన్నారు.

జాలరులతో వివాదం

ఈ అఖాతంపై బ్రతికే జాలరులను వాటర్‌మెన్ అంటారు. వేసవిలో పీతలు, అక్టోబరు నుండి మార్చి వరకు ఆల్చిప్పలు వారి జీవనాధారం. 2010లో మేరీలాండ్, మిగిలిన మంచి దిబ్బల ప్రాంతంలో వేట నిషేధించిన భాగాన్ని 9 శాతం నుండి 24 శాతానికి పెంచినది. తాతల నాటి నుండి పట్టుకుంటున్న చోట్లు ఒక్కసారిగా మూతపడ్డాయని జాలరులు వ్యతిరేకించారు. వేట లేని దిబ్బలపై బురద పేరుకుంటుందని, డ్రెడ్జింగ్ వలన చిప్పలు తిరగబడి శుభ్రపడతాయని వారి వాదన. డ్రెడ్జింగ్ దిబ్బ ఎత్తును తగ్గిస్తుందని, ఎత్తు తగ్గడమే బురదకు కారణమని శాస్త్రజ్ఞుల వాదన.

జాలరుల ఫిర్యాదులన్నీ నిరాధారమైనవి కావు. హారిస్ క్రీక్‌లో రాళ్ళతో కట్టిన కొన్ని దిబ్బలు నిర్ణయించిన ఎత్తును మించడం వలన పడవలు తగులుకున్నాయి, పీతల కొరకు వేసే పొడవాటి తాళ్ళు చిక్కుకున్నాయి. ఆ దిబ్బల పైభాగాన్ని తరువాత తగ్గించవలసి వచ్చినది. చిప్పలు చాలక ఫ్లోరిడాలోని గని నుండి శిలాజ చిప్పలను 2013-14లో రైళ్ళపై తెప్పించి పోయడాన్ని కూడా వారు ఆక్షేపించారు. 2016లో జాలరుల కోరికపై ట్రెడ్ ఏవన్ నదిలో పని కొంతకాలం నిలిపివేయబడినది. మరొక వైపు నిషేధిత ప్రాంతాలలో రాత్రివేళ దొంగవేట జరగడంతో రాష్ట్రం రాడార్లను, కెమెరాలను ఏర్పాటు చేసినది.

మేరీలాండ్‌లో పట్టదగిన పరిమాణం గల ఆల్చిప్పల సంఖ్య 1999లో సుమారు 60 కోట్లు ఉండగా 2018 నాటికి సుమారు 30 కోట్లకు తగ్గినదని రాష్ట్రపు తొలి సమగ్ర అంచనా తెలిపినది. 2019లో శాసనసభ, ఎంపికైన ఐదు నదులలోని నిషేధిత ప్రాంతాలకు చట్టబద్ధమైన రక్షణ కల్పించినది. గవర్నరు దానిని తిరస్కరించగా సభ తిరిగి ఆమోదించినది. 2020లో వచ్చిన మరొక చట్టం జాలరులు, శాస్త్రజ్ఞులు, పర్యావరణవాదులు ఒకే బల్ల వద్ద కూర్చొని 75 శాతం అంగీకారంతో సిఫారసులు చేయాలని నిర్దేశించినది. ఈ రెండవ పద్ధతి నెమ్మదైనది. అయినా తమ బ్రతుకుతెరువు గురించి తామే మాట్లాడే అవకాశం జాలరులకు దీని వలన దొరికినది. పునాదులు వేయడం, పిల్లలను చల్లడం వంటి పనులకు కూలి మీద జాలరుల పడవలను వాడడం కూడా కొంత వైరాన్ని తగ్గించినది.

ఫలితాలు

హారిస్ క్రీక్‌లో జరిపిన పరీక్షలలో దాదాపు అన్ని దిబ్బలు కనీస ప్రమాణాన్ని అందుకున్నాయి. అక్కడి దిబ్బలు ఏటా తొలగిస్తున్న నత్రజని, భాస్వరాల విలువ 30 లక్షల డాలర్లకు పైగా ఉంటుందని 2018లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ మేరకు పని మరొక విధంగా చేయాలంటే అయ్యే ఖర్చు అది. మేరీలాండ్‌లో మొత్తం వేట దిగుబడి కూడా 2020ల ప్రారంభంలో ఐదు లక్షల బుషెళ్ళను దాటినది. దీనికి అనుకూలమైన ఉప్పదనం వలన సహజంగా పుట్టిన పిల్లలు ఎక్కువగా బ్రతకడం ముఖ్య కారణం కనుక ఘనతనంతా పునరుద్ధరణకే ఆపాదించడం సరికాదు.

వాతావరణం అనుకూలించని సంవత్సరాలు కూడా ఉన్నాయి. 2018లో రికార్డు స్థాయిలో కురిసిన వానలకు ఉప్పదనం బాగా తగ్గి, అఖాతం ఎగువ భాగంలో ఆల్చిప్పలు చనిపోయాయి. కరువు వస్తే వ్యాధుల భయం, వరద వస్తే మంచినీటి భయం. చిప్పల కొరత కూడా తీరలేదు. రాళ్ళను, పాత సిమెంటు దిమ్మలను వాడవలసి వస్తున్నది.

తెలుగు తీరంలో

భారత తూర్పు తీరంలోని నదీముఖాలలో, పాయలలో క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అనే దగ్గరి బంధువు పెరుగుతుంది. మన వద్ద దీనిని తినేవారు తక్కువ. పులికాట్ వంటి చోట్ల చిప్పలను ఎక్కువగా సున్నపు బట్టీల కొరకే సేకరించేవారు. అనగా చెసాపీక్‌లో మాంసం కొరకు జరిగినదానిలో కొంత ఇక్కడ సున్నం కొరకు జరిగినది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970లలో తూత్తుకుడిలో దీని సాగు పద్ధతిని రూపొందించినది. పాత చిప్పలకు రంధ్రం చేసి తాడుకు గుచ్చి నీటిలో వేలాడదీస్తే డింభకాలు వాటిపై అతుక్కుంటాయి. 1990ల నుండి కేరళ వెనుకజలాలలో రైతులు, మహిళా స్వయం సహాయక బృందాలు ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు. అయితే అది అమ్మకం కొరకు చేసే సాగు. పంట కోతకు వచ్చినప్పుడు తాళ్ళతో సహా అంతా ఒడ్డుకు చేరుతుంది, అడుగున దిబ్బ మిగలదు.